ఆశ్వయుజ కార్తికములలో మన వంటయిల్లు



శరదృతువనగానే మన కవులు వెన్నెలను, తేటపడిన నదీజలమును, గట్లమీది రెల్లుపూలను వర్ణింతురు. కృష్ణాతీరమున కాపురముండు గృహిణికి మాత్రము ఈ ఋతువున మొదట జ్ఞప్తికి వచ్చునది గాదె యడుగు. సార్వా పైరు ఇంకను చేలలో పాలుపోసికొనుచుండును. క్రొత్తధాన్యము కార్తికము వెళ్లి మార్గశిరము వచ్చినగాని యింటికి చేరదు. నిరుటి ధాన్యము తరిగిపోవుచుండును. ఇప్పుడు గాదెలున్న యిండ్లు తక్కువ. బియ్యము బస్తాలలో అంగడినుండి వచ్చుచున్నది. ఐనను ఈ రెండు నెలల స్వభావము మారలేదు. ముసురు పట్టినచో బజారున కూరగాయల వెల పెరుగును. పండుగలు మాత్రము వెల చూచి ఆగవు. దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, కార్తిక సోమవారములు, క్షీరాబ్ది ద్వాదశి ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యుండును. చేతిలోని సరకు తక్కువ, చేయవలసిన వంట ఎక్కువ. ఈ కాలమును నేర్పుగా గడపగల యిల్లాలికి తక్కిన పది నెలలు సులభములే.

చలిదేశములలో శరత్కాలము కోతల కాలము. మంచు పడకమునుపే అక్కడివారు ఆపిలు పండ్లను, గుమ్మడికాయలను, దుంపలను కొట్లలో చేర్చుకొందురు. మన డెల్టాలో మంచు పడదు; నేల యేడాది పొడుగున పచ్చగా నుండును. కావున మన శరత్తు నిలువజేయు కాలము కాదు. ఉసిరి యొక్కటి తప్ప, పెరడును తోటయు ఇచ్చినదానిని ఏనాటి కానాడు వండుకొనవలసిన కాలమిది.

ఈ నేల యిచ్చునది

బెజవాడయొద్ద కృష్ణకు 1852-1855 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టిరి. దాని స్థానమున 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసినది. కాలువలు మాగాణులకు నీరిచ్చి వరిని పండించుచున్నవి. కాని కూరలకు మనము ఋణపడియున్నది కాలువలకంటె లంకలకు. నది నడుమను, ఒడ్డునను ఒండ్రుమట్టితో నేర్పడిన ఆ లంకభూములలో అరటి, కంద, పసుపు, కూరగాయలు బలముగా పెరుగును. తోట్లవల్లూరు వైపు లంకలనుండి వచ్చిన కందగడ్డను చేతబట్టి చూచిన యిల్లాలికి ఆ నేల సారము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ సారమునిచ్చు వరదయే ఒక్కొకప్పుడు సర్వమును హరించును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చెను. అదే సమయమున బుడమేరు పొంగి సింగునగరు మొదలగు విజయవాడ పేటలను ముంచెను. లంకతోటలు నీటిపాలయ్యెను. అట్టి యేట మన బజారునకు వచ్చు ప్రతి అరటిగెల వెనుకను ఒక రైతు కుటుంబముయొక్క నష్టము కలదని మరువరాదు. 1999లో వెలసిన రైతుబజారులలో ఆ కుటుంబముల స్త్రీలే తట్టల యెదుట కూర్చుండి అమ్ముచుందురు. మచ్చలున్న కాయయని, వంకరగా నున్న దుంపయని త్రోసివేయక కొనుట మనకు నష్టము కాదు; వారికి మేలు.

ఒక హెచ్చరిక. వరదనీరు తగిలిన ఆకుకూరలను, కాయలను పచ్చివిగా తినరాదు. ఆకులను కోయకమునుపే ఉప్పునీటిలో నుంచి, మూడు నాలుగు మారులు మంచినీట కడిగి, బాగుగా ఉడికించి వాడవలెను. ఎల్లపుడు త్రాగునీటిని మరగించి చల్లార్చి యుంచవలెను. ఈ కాలమున యింటిల్లిపాదికి వచ్చు విరేచనములలో పెక్కు నీటివలననే కలుగుచున్నవి.

ఆశ్వయుజము: తేలికయైన భోజనము

వానకాలమున చల్లబడిన దేహమునకు శరత్తునందలి తీవ్రమైన యెండ హఠాత్తుగా తగులుటచే పిత్తము ప్రకోపించునని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పినాడు. తీపి, చేదు, వగరు రుచులుగల తేలికపాటి పదార్థములను ఆకలియైనప్పుడు మాత్రమే భుజింపవలెననియు, పెరుగు, నూనె, కడుపునిండ భోజనము, పగటినిద్ర, యెండ తగ్గించుకొనవలెననియు ఆయన మతము. ఈ శాస్త్రమును చదువని మన అమ్మమ్మలు సైతము ఆశ్వయుజమున పొట్లకాయ, బీరకాయ, కాకరకాయ, పెసరపప్పు తఱచుగా వండుచుండిరి. ఆ దినములలో తోటలు ఇచ్చునవియు అవియే.

పొట్లకాయ పెసరపప్పు కూర జబ్బుపడి లేచినవారికి మిక్కిలి హితవు. లేత కాయను చక్రములుగా తరిగి, గింజలు తీసి, ఉప్పు రాచి కొంతసేపుంచి పిండవలెను. గుప్పెడు పెసరపప్పును అరగంట నానబెట్టి, ముక్కలతో గూడ మూతపెట్టి సన్నని సెగను మగ్గింపవలెను. ఆవాలు, జీలకర్ర, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకుతో చెంచాడు నూనెలో తిరగమోత వేసిన చాలును. పప్పు పలుకుగా నుండవలెను గాని ముద్ద కారాదు.

బీరకాయ తొక్కను పారవేయుట ఈ కాలమున చేయరాని పని. ఈనెలు చెక్కిన తొక్కను నూనెలో వేయించి, పచ్చిమిరపకాయలు, చింతపండు, నువ్వులు చేర్చి నూరినచో ఒక పూటకు పచ్చడి యగును. ఒక్క కాయతో కూరయు పచ్చడియు రెండును వచ్చినవి.

ఇక అట్లతద్దినాడు తెల్లవారకమునుపే ఆడపిల్లలు లేచి గోంగూరపచ్చడితోను, ఉల్లిపాయ పులుసుతోను, పెరుగుతోను అన్నము తిని ఊయలలూగుట మనకు తెలిసినదే. పగలంతయు ఉపవాసముండబోవు పిల్ల ఆ చద్దిపూట భోజనమును త్రోసివేయకుండ చూచుట తల్లి బాధ్యత. గోంగూరను వానకాలపు ముదురాకుతో గాక, కాడలు తీసిన లేతాకుతో చేసినచో కడుపులో మంట తక్కువ.

కంద బచ్చలి

మన జిల్లాలలో కంద బచ్చలి లేని పెండ్లి విందు విందు కాదు. బచ్చలి తీగ వానలకు పందిరినిండ అల్లుకొనియుండును; కంద కార్తికము నాటికి బజారునిండ వచ్చును. ఆ రెంటిని కలిపిన ఆదిగృహిణి యెవరో గాని ఆమెకు నమస్కరింపవలెను. బచ్చలి జిగురును కంద పీల్చుకొనును. కంద పొడితనమును బచ్చలి పోగొట్టును.

నేను కాపురమునకు వచ్చిన మొదటి యేట బంధువులు వచ్చిన దినమున ఈ కూర వండితిని. పులుపు తక్కువైన మంచిదని తలచి చింతపండు తగ్గించితిని. వేళ మించుచున్నదని కంద పూర్తిగా ఉడకకమునుపే దింపితిని. నాలుగు ముద్దలు తినునంతలో విస్తళ్లముందు కూర్చున్నవారందఱు గొంతులు సవరించుకొనసాగిరి. పిల్లలు ఏడ్చిరి. మా అత్తగారు కోపింపలేదు. మజ్జిగలో నిమ్మకాయ పిండి అందఱకు ఇచ్చి, సాయంకాలము నన్ను పిలిచి, “కందను తొందరపెడితే అది మనల్ని గోకిస్తుందమ్మాయ్” అనిరి. ఆ మాట నేటికిని నేను మరువలేదు.

కందలోను, చేమలోను కాల్షియం ఆక్సలేటు అను పదార్థము సూదులవంటి సన్నని స్ఫటికములుగా నుండును. అవి నాలుకకు, గొంతునకు గ్రుచ్చుకొనుటయే దురదకు కారణము. బాగుగా ఉడికించుట, ఉడికిన నీరు పారబోయుట, చింతపండు పులుపు చేర్చుట అను మూడు పనులు దానిని అణచును. కొవ్వూరు పరిశోధనస్థానమున వెలువడిన గజేంద్ర యను రకమునకు ఈ దురద మిక్కిలి తక్కువ. ఐనను నాటుకందకు జాగ్రత్త తప్పదు.

అరకిలో కందను చేతులకు నూనె రాచుకొని, చెక్కు మందముగా తీసి చిన్నముక్కలుగా తరుగవలెను. తరిగిన ముక్కలను నీట కడిగి, పసుపు వేసి వేరుగా ఉడికించి, ముక్క వ్రేళ్ల నడుమ నలిగిన పిదప నీటిని వంచివేయవలెను. రెండు కట్టల బచ్చలి ఆకును లేత కాడలతో తరిగి, ఆఱు పచ్చిమిరపకాయలు, అంగుళము అల్లము దంచి చేర్చి, కందతో కలిపి మగ్గింపవలెను. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, తగినంత ఉప్పు వేసి దగ్గరకు వచ్చువఱకు ఉడికించి గరిటెతో మెదుపవలెను. శనగపప్పు, మినపపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకుతో తిరగమోత వేయవలెను. పొయ్యినుండి దింపి కొంత చల్లారిన పిదప ఆవ పెట్టవలెను.

ఆవ పెట్టుటలో రహస్యమిది. రెండు చెంచాల ఆవాలను చన్నీళ్లతో నూరినప్పుడే ఘాటు పుట్టును. వేడినీరు తగిలినచో ఆ ఘాటు పుట్టక చేదు మిగులును. పొయ్యిమీద నున్న కూరలో వేసినను ఘాటు ఆవిరితో పోవును. కావున ఆవపిండి యెల్లపుడు తుదను, సెగలేనప్పుడు, ఒక చెంచా పచ్చినూనెతో కలిపి చేర్చవలెను. పూట గడచిన కొలది ఈ కూర రుచి హెచ్చును.

గాలివానకు పడిన అరటిచెట్టు

ఈ ఋతువున మనము తలచుకొనక తప్పని దినమొకటి కలదు. 1977 నవంబరు 19వ తేదీన, కార్తికమాసమున, దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడి పదివేలమందికి పైగా ప్రాణములు గొనెను. సముద్రజలము ఊళ్లను ముంచెను. పైరులు, పశువులు కొట్టుకొనిపోయెను. నాటినుండి మన తీరమున గాలివాన హెచ్చరిక వినగానే, పెద్దవయసు స్త్రీలు ముందుగా బియ్యము, పప్పు, అగ్గిపెట్టె, త్రాగునీరు ఎత్తయినచోట పెట్టుదురు. ఇది భయము కాదు, వివేకము. అటుకులు, బెల్లము, వేయించిన శనగలు, పేలపిండి డబ్బాలలో మూతబిగించి యుంచినచో పొయ్యి వెలుగని రెండు దినములు పిల్లల ఆకలి తీరును.

అంతటి ఉప్పెన రాకున్నను ఏటేట గాలికి అరటితోటలు నేలకొరుగును. పక్వము కాని గెల పండదు గాని, కూరకు మిగులు శ్రేష్ఠము. పడిన చెట్టులో ఏదియు వ్యర్థము కాదను సంగతి ఈనాటి యువతులలో పలువురకు తెలియదు.

పచ్చికాయలను తొక్కతో ఉడికించి, వలిచి, చేతితో పొడిచేసి, అల్లము, పచ్చిమిరప, నిమ్మరసముతో తిరగమోత వేసిన కూర పిల్లలకు ప్రీతి. పువ్వును చిక్కగా కప్పియున్న ఎఱ్ఱని రెక్కలు తీసి, లోని పూలలో నడుమనున్న గట్టి కేసరమును, చిన్న తెల్లని పొరను ఏరివేయవలెను. ఓపిక కావలసిన పని; ముచ్చటలు చెప్పుకొనుచు నలుగురు కూర్చున్న అరగంటలో ముగియును. పూలను దంచి, పసుపు ఉప్పు రాచి పిండినచో వగరు పోవును. పిదప చింతపండు పులుసులో ఉడికించి ఆవ పెట్టవలెను.

దూట గెలవేసిన చెట్టులోనే యుండును. గెల వేయని చెట్టు బోదె పొరలు తప్ప లోన బలమైన కాడ కానరాదు. పై పట్టలన్నియు తీసి, తెల్లని నడిమికాడను చక్రములుగా కోయుచు, వెలువడు నారను వ్రేలికి చుట్టి తీసివేయవలెను. నల్లబడకుండ ముక్కలను పలుచని మజ్జిగలో వేయవలెను. సన్నగా తరిగి, ఉడికించి, నీరు పిండి, కందకు చెప్పినట్లే ఆవపెట్టి వండవలెను. చెట్టు పడినదని రైతు దుఃఖించు దినమున, ఆ చెట్టునుండియే నాలుగు దినముల కూర తీయగల యిల్లాలు ఆ యింటికి ధైర్యము.

కార్తికము: ఉసిరి నీడ

కార్తికమున వనభోజనములకు ఉసిరిచెట్టు నీడ వెదకుట, ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దీపము పెట్టుట ఆచారము. ఆ చెట్టు అప్పుడే కాయలతో వంగియుండును. నారింజకంటె అనేక రెట్లు విటమిను సి ఈ చిన్న కాయలో నుండుట నేటి శాస్త్రము కనుగొన్నది. దేవుని పేర మన పెద్దలు ఆ కాయను ఏటేట ఇంటికి తెచ్చియుంచిరి.

నల్లపచ్చడి చేయు విధమిది. కిలో రాచ ఉసిరికాయలను కడిగి, తడి లేకుండ తుడిచి నీడన ఆరబెట్టవలెను. 150 గ్రాముల ఉప్పు, చెంచాడు పసుపు చేర్చి రోట కచ్చాపచ్చాగా దంచవలెను. గింజలు ఏరి జాడీలో అదిమి మూడు దినములు ఉంచవలెను. మూడవనాడు తీసి మరల దంచి, గట్టిగా అదిమి వాసెన కట్టినచో ఏడాది నిలుచును. దినములు గడచుకొలది నల్లబడును. అది చెడుట కాదు. వాడునప్పుడు గుప్పెడు తొక్కునకు నూనెలో వేయించిన మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ నూరి కలిపి తిరగమోత వేయవలెను. ఇత్తడి, రాగి గిన్నెలలో ఉంచరాదు. పులుపు వలన చిలుము పుట్టును. రాత్రులందును, ఆదివారమునను ఉసిరి తినరాదను పట్టింపుగల యిండ్లవారు ఆ పట్టింపును పాటించుకొందురు గాక. తక్కిన పగళ్లు చాలును.

ఈ నెలలో చిలగడదుంపలు, తేగలు వచ్చును. భాద్రపదమున తిని పారవేసిన తాటిటెంకలను పాతిపెట్టిన వారికి కార్తికము మొదలు సంక్రాంతి వఱకు తేగలు లభించును. నిప్పుల మీద కాల్చినను, కుండలో ఉడికించినను పిల్లలకు సాయంకాలపు ఫలహారమునకు అంగడి మిఠాయికంటె మేలు. చిలగడదుంప, గుమ్మడి, ఆనపకాయ, ములక్కాడ వేసిన దప్పళము ఒక్కటి యున్నచో మఱి యొక కూర అక్కరలేదు. నాగులచవితినాటి చిమ్మిలి సంగతి వేరుగా చెప్పవలెనా? నువ్వులు, బెల్లము దంచిన ఆ ముద్దలో బలము మెండు.

వడ్డించిన చేయి

ఇంతవఱకు వంట సంగతి. తుదకు వంటచేసిన చేయి సంగతి చెప్పక ముగింపజాలను.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. ఇది పేదల యిండ్లకే పరిమితము కాదు. అందఱు తినిన పిదప గిన్నె యడుగున మిగిలినది తినుట మనలో పెద్దగుణముగా చెలామణి యగుచున్నది. కూర అయిపోయినచో పచ్చడితోను, మజ్జిగతోను సరిపెట్టుకొందుము. దానికి తోడు కార్తిక సోమవారములు నక్షత్రదర్శనము వఱకు ఉపవాసము. కొందఱు ఆ నెల పప్పుధాన్యములు సైతము విడిచెదరు. వ్రతమును మానుమని నేననను. కాని బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాసము విధింపలేదని పెద్దలే చెప్పుదురు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, నీరసముతో నున్నవారు తమకు తామే ఆ సడలింపును ఇచ్చుకొనవలెను.

పప్పు మానిన దినములలో నువ్వులు, పాలు, పెరుగు విడువరాదు. తోటకూర, బచ్చలి వంటి ఆకుకూరలలోని ఇనుము దేహమునకు పట్టుటకు విటమిను సి తోడ్పడును. కావున ఆకుకూర తిను పూటనే ఉసిరిపచ్చడియో, నిమ్మరసమో ఉండవలెను. భోజనమైన వెంటనే కాఫీయో, తేనీరో త్రాగినచో ఆ ఇనుము పట్టదు; గంటన్నర ఆగుట మంచిది. మెట్లెక్కునప్పుడు ఆయాసము, కన్రెప్పలలో పాలిపోవుట కనుపించినచో వంటయింటి వైద్యముతో ఆగక, రక్తపరీక్ష చేయించుకొని వైద్యులు చెప్పిన మందు వాడవలెను.

నా మాట వినినచో ఒక చిన్న నియమము పెట్టుకొనుడు. కూర దింపగానే, వడ్డన మొదలుపెట్టకమునుపే, మీ వంతు ఒక గిన్నెలో వేరుగా తీసి మూత పెట్టుడు. అట్లు చేయుట స్వార్థమని మొదటి వారము మనస్సు గొణుగును. రెండవ వారమునకు అలవాటగును. మా అత్తగారు తమ తుది యేండ్లలో నాకు నేర్పిన పాఠమిది. కంద దురదనుగూర్చి చెప్పిన పాఠముకంటె ఇది ఆలస్యముగా వచ్చినది, కాని ఎక్కువ విలువైనది. ఈ కార్తికమున మీ పందిటి బచ్చలితో, లంక కందతో కూర వండినప్పుడు ఆ గిన్నెను మరువకుడు.